శంఖాల గురవయ్య అరచెయ్యి

నాకు వందేళ్ళు. సరే, తొంభై రెండు. ఈ వయసులో ఎనిమిదేళ్ళు అటూ ఇటూ అయితే అడిగేవాళ్ళెవరు? మొన్న ఆదివారం మనవరాలి కూతురు చెన్నపట్నం నుంచి వచ్చి, తాతకు బహుమతి అంటూ ఒక శంఖం తెచ్చి నేరుగా నా చెవికి ఆనించింది. చెవిలో ఉన్న మిషను 'కుయ్' మని కూసింది. ఆ కూతకు వీధి చివర కుక్కలన్నీ పారిపోయాయని రాయాలనుంది గానీ, ఉలిక్కిపడింది మా ఇంటి పిల్లి ఒక్కటే. మిషను తీసి బల్ల మీద పెట్టాను. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. పిల్ల నోరు కదులుతోంది, మాట వినబడదు. అప్పుడు శంఖంలోంచి ఒక వాసన వచ్చింది. తడిసిన సున్నం, ఎండిన ఉప్పు, లోపలెక్కడో ఇంకా మిగిలి ఉన్న నీచు. నా ప్రమేయం లేకుండానే నా కుడి అరచెయ్యి వెళ్ళి దాని కడుపు కింద చేరింది. శంఖాన్ని అట్లా పట్టుకోవడం నాకు నేర్పినవాడు పోయి డెబ్బై ఏళ్ళు కావస్తోంది. చేతికి మాత్రం ఆ సంగతి తెలిసినట్టు లేదు.

ఆయన పేరు గురవయ్య. తిరుపతిలో రైలు స్టేషను నుంచి గుడి వైపు వెళ్ళే వీధిలో, సత్రానికి ఎదురుగా ఆయన అంగడి. యుద్ధం జరుగుతున్న రోజులు. నేను అప్పటికే బి.ఏ. ప్యాసై ఉద్యోగం కోసం చూస్తున్నానని మా పిల్లలు చాలాకాలం నమ్మారు. నిజానికి నేను థర్డు ఫారం రెండుసార్లు తప్పినవాణ్ణి. ఇరవై ఏళ్ళ వయసు, కొత్తగా పెంచిన మీసం, ఎప్పుడూ ఆగని నోరు. ఈ మూడే నా ఆస్తి. ఆ నోరు చూసే ఆయన నన్ను అంగట్లో పెట్టుకున్నాడు. శంఖాలు రామేశ్వరం వైపు నుంచి గోతాల్లో రైలెక్కి వచ్చేవి. ఆ గోతాలు దించుతుంటే ప్లాట్‌ఫారం మీద జనం ముక్కులు మూసుకుని దారి ఇచ్చేవాళ్ళు. గుడి అంగళ్ళలో తెల్లగా మెరిసే శంఖం కాదు అప్పటికది. పైన గోధుమరంగు తోలులాంటి పొర, దాని మీద పాచి, లోపల కుళ్ళిన మాంసం. నానబెట్టాలి, గీకాలి, తోమాలి. ఆ తర్వాత, అన్నిటికంటే కష్టమైన పని, కొసను ఆకురాయితో అరగదీసి ఊదేందుకు రంధ్రం చెయ్యాలి. వడ్లగింజంత ఎక్కువ అరిగినా నాదం చెడుతుంది. చెడిన శంఖాన్ని మళ్ళీ బాగుచెయ్యలేము.

మొదటి రోజు ఆయన ఒక శంఖం కడిగి, దాన్నిండా మంచినీళ్ళు పోసి, ఆ నీళ్ళను వాకిట్లో మెల్లగా ఒంపాడు. తర్వాత నాకేసి తిరిగాడు.

"ఇదేందో తెల్సునా రా, మణీ?"

"శంఖం."

"కాదు. ఇల్లు. సముద్రంలో ఒక నత్త కట్టుకున్న ఇల్లు. ఆ యప్ప లేనప్పుడు మనం దూరినాము. ఇంటాయనకు ముందు నీళ్ళియ్యాల గదా."

"సముద్రంలో ఉండేదానికి నీళ్ళు కొరవా పెద్దాయనా?"

"బతుకంతా తాగింది ఉప్పునీళ్ళే గదరా. మంచినీళ్ళు మనమన్నా ఇస్తాము."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. శంఖం కొసను నాకు చూపించాడు. నత్త పిల్లగా ఉన్నప్పుడు కట్టుకున్న మొదటి గది అదేనట. ఒళ్ళు పెరిగేకొద్దీ ఒక్కో చుట్టు కట్టుకుంటూ కిందికి దిగుతుందట. ఎన్ని చుట్లు దిగినా ఆ చిన్న గదిని మాత్రం విడిచిపెట్టదట. "మనం ఊదేదానికి అరగదీసేది ఆ గదినేరా. అందుకే మెల్లింగా" అన్నాడు. తన పెట్టెలో ఒక గోధుమరంగు చిప్పను దాచుకున్నాడు. నత్త లోపలికి ముడుచుకున్నప్పుడు వాకిలి మూసుకునే తలుపు అది. ఎందుకు దాచినావంటే, "తలుపు పారేస్తే ఇల్లు ఊరికే పడున్నట్టు ఉంటాది" అన్నాడు.

ఆయన పద్ధతులు కొన్ని నాకు పొగరుగా తోచేవి. అంగట్లో ఎప్పుడూ వీధికి ఎదురుగానే కూర్చునేవాడు. వెనకనుంచి పిలిస్తే పలికేవాడు కాదు. ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడితేనే జవాబు. ఇంత గొప్ప పనివాడికి ఆ మాత్రం టెక్కు ఉంటుందిలే అనుకునేవాణ్ణి. శంఖం ఊది నాదం చూసేటప్పుడు కళ్ళు మూసుకుని, దాని కడుపు కింద అరచెయ్యి పరిచి పట్టుకునేవాడు. రెండుసార్లు ఊది, ఆకురాయితో ఒక్క గీత గీసి, మళ్ళీ ఊదేవాడు. మఠాల నుంచి, ఊళ్ళ నుంచి మనుషులు వచ్చి, "గురవయ్య చెవి పెట్టిన శంఖమేనా?" అని అడిగి మరీ తీసుకునేవాళ్ళు.

అమ్మకం నా పని. నేను అబద్ధాలాడేవాణ్ణి అంటే మాట సరిపోదు. ఈ శంఖం ఊదితే పదహారు ఊళ్ళకు వినబడుతుందనేవాణ్ణి. ఇది తెచ్చిన గజ ఈతగాణ్ణి సొరచేప మింగి, శంఖం గుచ్చుకుని మళ్ళీ కక్కిందనేవాణ్ణి. గురవయ్య పక్కనే కూర్చుని గీక్కుంటూ ఉండేవాడు, ఒక్క మాట అనేవాడు కాదు. ఒకసారి మాత్రం పట్టుకున్నాడు. ఒక పెద్దమనిషి వచ్చి వలంపురి కావాలన్నాడు. మామూలు శంఖం సుడి ఒక వైపు తిరిగితే దాని సుడి ఎదురు వైపు తిరుగుతుంది. అది దొరకడం మహా అరుదు. నేను ఆయన్ను పక్కనున్న మంగలి అంగడికి తీసుకెళ్ళి, మామూలు శంఖాన్నే అద్దం ముందు పట్టి, "చూడండి సామీ, ఏ పక్కకు తిరిగిందో" అన్నాను. గురవయ్య లేచి వచ్చి నా చేతిలోంచి శంఖం లాక్కున్నాడు.

"అద్దంలో ఉండేదాన్ని అద్దంలోనే అమ్ముకోరా. నా అంగట్లో ఉండేది ఇది" అన్నాడు. పెద్దమనిషి ముందు నా మీసం తలదించుకుంది.

ఆ రోజు నేను నేర్చుకున్న పాఠం ఏమిటంటే, చేత్తో చేసే మోసం పెద్దాయన ఒప్పుకోడు, నోటితో చేసేది ఒప్పుకుంటాడు. లేకపోతే ఇన్ని నెలలుగా నా కోతలన్నీ వింటూ ఎందుకు ఊరుకుంటాడు?

చెంగమ్మ వచ్చింది ఆ తర్వాతే. ఏర్పేడు దగ్గర పల్లె ఆమెది. మొక్కు తీర్చుకుని గుండుతో, గుండు మీద ఆరిన గంధంతో మెట్టు దగ్గర నిలబడింది. భర్త లేడు. ఒక్కడే కొడుకు, పట్టాళంలో చేరి సింగపూరు పోయాడు. సింగపూరు జపాను వాళ్ళ చేతికి చిక్కిందని విన్నప్పటినుంచి వాడి దగ్గరనుంచి కార్డు ముక్క లేదు.

"దీంట్లో సముద్రం ఇనబడతాదంట గదా సామీ. మావోడు సముద్రం ఆ పక్కన ఉండాడు" అంది.

కొనుక్కుపోయే మనిషి కాదని చూస్తేనే తెలుస్తోంది. పెదవి విరిగిన చిన్న శంఖం ఒకటి పక్కన పడి ఉంటే ఊరికే ఆమె చేతిలో పెట్టాను. అక్కడితో ఆగి ఉంటే నేనూ మంచివాణ్ణే అయ్యేవాణ్ణి. కానీ ఆమె మొహం చూస్తూ ఆగలేకపోయాను. గురవయ్యకు వీపు పెట్టి, ఆమె వైపు వంగి చెప్పాను.

"అమ్మా, దినామూ పొద్దు పొడవకముందే తలకు పోసుకో. ఎవురితో మాట్లాడాకు. తూర్పు తిరిగి కుడి సెవికి పెట్టుకో. కుడి సెవికే, మరిసిపోవద్దు. హోరు ఇనబడిందంటే మీవాడు సల్లంగా ఉన్నట్టే."

"ఇనబడకపోతే?"

"ఇనబడకుండా యాడికి పోతాదమ్మా!" అని నవ్వాను.

ఆమె శంఖాన్ని చెవికి ఆనించుకుంది. ఆ మొహంలో వచ్చిన వెలుగును ఇంత పొడవు కథగా చెప్పి చాలామందిని ఏడిపించాను. ఇప్పుడు వద్దు. గురవయ్య ఆ మొహాన్నీ నన్నూ చూసి, తృప్తిగా తలాడించి మళ్ళీ పనిలో పడ్డాడు. ఆయన మెప్పు కూడా దొరికిందని నేను మరో నాలుగు రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను.

ఏడాది గడిచింది. ఒక మధ్యాహ్నం చెంగమ్మ తమ్ముడు మునిరత్నం చెమటలు కారుతూ అంగటికి వచ్చాడు. ఎద్దులబండి తోలే మనిషి.

"మీరిచ్చిన శంఖం మూగబోయిందంటప్పా. మా యక్క నాలుగు దినాలుగా కూడు ముట్టల్యా. కొడుకు పోయినాడు, కర్మలు చెయ్యి అంటా ఉండాది. అయ్యవారికి కూడా సెప్పొచ్చింది. వానికి చెయ్యి, దాంతోనే నాకూ చెయ్యి అంటాది. ఏం జెయ్యాల నేను?"

గురవయ్య అతని నోటివైపే చూస్తూ అంతా విని, నా వైపు తిరిగాడు. "ఆయమ్మకు ఏం జెప్పినావురా?"

"నువ్వు ఈడనే ఉంటివి గదా పెద్దాయనా" అన్నాను. ఆయన లేచాడు. అంగడి మూశాడు. ముగ్గురం రైలెక్కి ఏర్పేడులో దిగి, మునిరత్నం బండిలో ఆ పల్లె చేరుకున్నాం. దారి పొడుగునా నేను నా మాటల్ని తగ్గించుకుంటూ వచ్చాను. ఊరికే వినమన్నాను, అంతే. తలకు పోసుకోమన్నానేమో, అంతే. ఏర్పేడు దాటేసరికి నేనసలు ఏమీ అననే లేదు.

చెంగమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఏడాదిలో జుట్టు చెవులదాకా పెరిగింది, ఒళ్ళు మాత్రం చాపకు అంటుకుపోయినట్టుంది. గురవయ్య పలకరించాడు. ఆమె గోడతోనే ఏదో అంది. ఆయన చాప చుట్టూ నడిచి, ఆమెకూ గోడకూ మధ్య ఉన్న కాస్త చోటులో ఇరుక్కుని కూర్చున్నాడు, ఆమె మొహం కనిపించేట్టు. ఆయనది ఎంత జాలిగుండె అనుకున్నాను.

"ఇప్పుడు సెప్పు తల్లీ."

ఆమె చెప్పింది. తెల్లవారుజాము, తలస్నానం, తూర్పు, కుడి చెవి. ఏడాదిగా ఒక్క పూట తప్పలేదట. జొరమొచ్చినా పోసుకుందట. అయిదు రోజుల కిందట ఉన్నట్టుండి హోరు ఆగిపోయింది. నా పేరు ఆమెకు తెలియదు. "మీసమాయన సెప్పినాడు" అంది. గురవయ్య తలెత్తి నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. నా మాటల్ని మొదటిసారి వింటున్నవాడి చూపు అది. అదేమిటో నాకు అర్థం కాలేదు.

శంఖం ఎత్తి లోపల వేలు పెట్టి చూశాడు. మట్టి లేదు, పురుగు లేదు. చెంగమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. "నువ్వు పెద్దోడివి. శంఖాలు తెలిసినోడివి. నువ్వే ఇను. ఏమన్నా ఇనబడతా ఉంటే నాకు సెప్పు. నువ్వు సెప్తే నమ్మతాను."

ఆయన దాన్ని చెవికి పెట్టుకున్నాడు. ఒక్కసారి తలూపితే చాలు, పని అయిపోతుంది. నేను మనసులో 'ఊపు, ఊపు' అనుకుంటున్నాను. మునిరత్నం గడప దగ్గర నిలబడి చూస్తున్నాడు. వారానికి రెండుసార్లు తిరుపతికి బండి తోలే మనిషి, దారిలో దొరికిన ప్రతివాడితో మాట్లాడే మనిషి.

గురవయ్య శంఖాన్ని దించాడు. "నాకూ ఇనబడల్యా తల్లీ" అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుంది. ఆయన ఆమె చెంప తట్టి కళ్ళు తెరిపించాడు. "నాకు ఆరేండ్లుగా ఏదీ ఇనబడదు. రైలు ఇనబడదు. ఉరుము ఇనబడదు. నా పెండ్లాము పోయేముందర ఏమనిందో అదీ ఇనబడల్యా. మనిసి నోరు సూసి మాట పట్టుకుంటా, అరసేత్తో శంఖం పట్టుకుంటా. ఇనబడనంత మాత్రాన అవన్నీ లేకుండా పోయినాయా? తప్పు శంఖానిది కాదు, వానిది కాదు. సెవిది."

నాకు అన్నీ వరసగా గుర్తొచ్చాయి. వీధికి ఎదురుగా కూర్చోవడం, వెనకనుంచి పిలిస్తే పలకకపోవడం, ఇప్పుడు గోడకూ ఆమెకూ మధ్య దూరి కూర్చోవడం. నా సొరచేపల్నీ పదహారు ఊళ్ళనీ ఆయన ఏనాడూ వినలేదు. అద్దం ముందు చేసింది కళ్ళతో చూశాడు కాబట్టి ఆపాడు. చెవి చూసి శంఖాలు కొనే లోకం ముందు ఆరేళ్ళు దాచుకున్నదాన్ని, నా అబద్ధం వల్ల, ఒక బండివాడి ముందు బయటపెట్టాడు.

నేను చెంగమ్మ చాప పక్కన కూర్చున్నాను. ఆయన నన్ను చెప్పమనలేదు. ఆ తర్వాత చెప్పకుండా ఉండడం నావల్ల కాలేదు. "అమ్మా, అంతా నేను అల్లిందే. తూరుపు లేదు, తలకు పోసుకునేది లేదు, కుడి సెవి లేదు. శంఖానికి మీవాని సంగతి తెలీదు. నీ మొగం సూడల్యాక సెప్పినాను."

చెంగమ్మ లేచి కూర్చుని నన్ను కొట్టింది. నాలుగు రోజులు తినని చెయ్యి అని తేలిగ్గా అనుకోవద్దు, మూడు పళ్ళు రాలాయి. లేదు, ఒక్కటీ రాలలేదు. రాలినా బాగుండేది. "ఏడాది పొడుగునా సలిలో పోసుకున్న్యా గదరా! ఎవురితో మాట్లాడకుండా! మాయమ్మ పోయినంక అంత నేమంగా నేనేదీ చెయ్యల్యా గదరా!" అని ఏడ్చింది.

గురవయ్య ఆమె ఏడుపు అయ్యేదాకా కూర్చున్నాడు. తర్వాత శంఖాన్ని ఆమె ఎడమ చెవికి ఆనించాడు. ఆమె ఏడుపు సగంలో ఆగింది. ఏడాది పాటు నేను పోయించిన నీళ్ళే, తడి ఆరకముందే రోజూ శంఖం అదిమిపెట్టిన కుడి చెవిలో చేరి దాన్ని మూసేశాయి. ఎడమ చెవి శుభ్రంగా ఉంది. నేను పెట్టిన నియమమే ఆమెను ఆ వైపు తిరగనివ్వలేదు.

చాలాసేపు విన్నది. తర్వాత నన్నే అడిగింది, గురవయ్యను కాదు. "అయితే, వాడు ఉండాడా?"

ఉన్నాడని చెప్పడానికి నా నాలుక అప్పటికే సగం లేచింది. నా జీవితంలో దాన్ని వెనక్కి లాగింది అదే మొదలు.

"తెలీదమ్మా."

ఆమె ఆ మాట విని గోడవైపు తిరగబోయింది. గురవయ్య ఆమె భుజం పట్టుకున్నాడు. "తెలీదంటే సెడ్డమాట కాదు తల్లీ. వాడు లేడని ఎవురూ సెప్పల్యా నీకు. ఆ మాటలో కూర్చోని కూడు తినొచ్చు. నా పెండ్లాము ఏమనిందో తెలీకనే నేను తింటావుండా గదా."

మునిరత్నం భార్య సంగటి, చెనిక్కాయలతో నూరిన ఊరిబిండి తెచ్చింది. చెంగమ్మ ముద్ద ముట్టుకోకుండా మా ముగ్గురికీ పెట్టమంది. మేం తింటుంటే చూసి, అప్పుడు చెయ్యి చాపింది. ఆ సమయానికి గుమ్మంలో మిలిటరీ బూట్ల చప్పుడైందనీ, కొడుకు వచ్చి నిలబడ్డాడనీ నేను ఈ కథను నలభై ఏళ్ళు చెప్పాను. మా పిల్లలు అక్కడ చప్పట్లు కొట్టేవాళ్ళు. ఎవ్వరూ రాలేదు. ఆమె రెండో ముద్ద తిన్నది. జరిగింది అంతే.

తిరుగు రైలు కోసం ఏర్పేడు ప్లాట్‌ఫారం మీద ఆయనకు ఎదురుగా నిలబడి, నోరు బాగా కదిలిస్తూ అడిగాను. "ఇన్నాళ్ళూ నేను అంగట్లో ఏం మాట్లాడేదీ తెలీకుండానే ఉంటివా?"

"నీ ఈపు నా పక్కకే ఉండేది. వాళ్ళ మొగాలు సూస్తావుంటి. నిండా సంతోషంగా ఉండేవోళ్ళు. మంచిమాటలు సెప్తావుండాడులే మావోడు, అనుకున్న్యా" అన్నాడు.

తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు. కాసేపటికి మళ్ళీ ఆయనే అన్నాడు. "మునిరత్నం నోరు నాకు తెల్సు. రేపటికి ఊరంతా పోతాది. ఇంకమీద నువ్వే నా సెవి. శంఖం ఊదితే ఎట్లుండాదో ఉండేది ఉన్నట్టు సెప్పు. బాగల్యాకపోతే బాగల్యాదను. కోతలు కోసే సెవి నాకొద్దు."

ఊరంతా పోయింది. మఠాల వాళ్ళు కొందరు రావడం మానేశారు, కొందరు పరీక్షించడానికి వచ్చి మళ్ళీ కొనుక్కునే పోయారు. నేను ప్రతి శంఖానికీ చెవి పెట్టి, విన్నది విన్నట్టు ఆయనకు చెప్పేవాణ్ణి. ఆయన అరచెయ్యి ముందే చెప్పిన దానికి నా చెవి ఎప్పుడూ కొంచెం వెనకే ఉండేది. చెంగమ్మ ఏటా తిరుపతి వచ్చినప్పుడు మా మెట్టు దగ్గర ఆగేది. "ఏమన్నా తెలిసిందా అమ్మా?" అంటే, "తెలీదు నాయనా. తింటావుండా" అనేది. యుద్ధం అయిపోయాక కూడా అదే మాట. ఆ తర్వాత ఆమెకు ఏం తెలిసిందో నాకు తెలియదు.

గురవయ్య మంచాన పడ్డ చివరి రోజుల్లో నేను కొత్తగా అరగదీసిన శంఖం తీసుకెళ్ళి, దాని కడుపును ఆయన అరచేతిలో ఉంచి ఊదాను. అది నేను ఒంటరిగా చేసిన మొదటి శంఖం. కళ్ళు తెరవకుండా, "ఇంకా వడ్లగింజంత తియ్యాల" అన్నాడు. తీశాను. మళ్ళీ ఊదేసరికి ఆయన వేళ్ళు శంఖం చుట్టూ ముడుచుకున్నాయి. ఆయన పాడె ముందు నడుస్తూ దారి పొడుగునా నేను ఊదింది ఆ శంఖమే. అది పదహారు ఊళ్ళకు వినబడలేదు. మా వీధి దాటలేదు.

తర్వాత నేను చిత్తూరు చేరి కోర్టు బయట అర్జీలు రాసే పని చేసుకున్నాను. కోతలకు అంతకంటే అనువైన చోటు లేదు, నేనూ తక్కువ కొయ్యలేదు. కానీ ఎవరైనా కాగితం రాయించుకుని, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని, "గెలుస్తామా సామీ?" అంటే మాత్రం నాలుక వెనక్కి పోయేది. "తెలీదప్పా. ముందు యాడన్నా కూడు తినిపో" అనేవాణ్ణి. విసుక్కున్నవాళ్ళున్నారు. తినిపోయినవాళ్ళూ ఉన్నారు.

మొన్న ఆదివారం పిల్ల తెచ్చిన శంఖాన్ని పంపు దగ్గరికి తీసుకెళ్ళి, నిండా నీళ్ళు పట్టి వాకిట్లో ఒంపాను. ఎందుకని చేతులు తిప్పి అడిగింది. ఇంటాయనకు, అన్నాను. మళ్ళీ ఏదో అడిగింది. మిషను బల్ల మీదే ఉంది కాబట్టి పెదాలు చూసి పట్టుకున్నాను. "తాతా, ఇందులో సముద్రం ఉందా?"

సొరచేప దగ్గర్నుంచి మొదలుపెట్టాలని ఎంత నోరూరిందో మీకు చెప్పలేను.

"తెలీదు తల్లీ. నువ్వు విని చెప్పు" అన్నాను. ఏ చెవో చెప్పలేదు. పిల్ల ముందు ఒక చెవికి, తర్వాత ఇంకో చెవికి పెట్టుకుని, గబగబా ఏదో చెప్పసాగింది. మిషను కోసం చెయ్యి చాపబోయి ఆగాను. మా గురవయ్యలా మొహం చూస్తూ కూర్చున్నాను.